పదిహేనా, పదహారా?

మార్చి 4

అన్నయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చో. వదినని కూడా పిలిచి కూర్చోబెట్టు. మోకాలి నొప్పితో ఆవిడ ఎలాగూ కూర్చునే ఉంటుందనుకో.

నేను పెళ్ళి చేసుకుంటున్నాను.

అదీ సంగతి. కాసిని మంచినీళ్ళు తాగి మిగతాది చదువు. ఫోన్ చేసేదాన్నే. కానీ ఫోన్లో నీకు సగం వినపడదు, వినపడిన సగానికి నువ్వు చెప్పే జవాబుకి నాకు కోపం వస్తుంది. పెళ్ళి మాట నాచేత పదిసార్లు అరిపిస్తే నీకంటే ముందు మా లాండ్రీ అంతటికీ తెలిసిపోతుంది. అందుకని కాగితమే నయం అనుకున్నాను.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. నేను రోజూ పనికి వెళ్ళే బస్సే. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. వాగుడుకాయ. నేను బస్సెక్కగానే అద్దంలోంచి చూసి, "సూపర్‌వైజర్ గారు ఎక్కారు, అందరూ బట్టలు నలగకుండా కూర్చోండి" అంటాడు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత ఒక వారం ఆయన సెలవు పెడితే బస్సంతా బోసిగా అనిపించింది. నాకు విషయం అప్పుడు అర్థమైంది. ఆయనకి అంతకు ముందే అర్థమైందట, అద్దం ఆయన దగ్గరుంది కదా.

యాభై దాటాక ఇదేం బుద్ధి అంటావేమో. అను. నువ్వు అన్నా నేను సంతోషంగానే ఉంటాను, ముందే చెప్తున్నాను.

జూన్ నెలాఖరులో రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. ఆయన ఉంగరం కొట్టులో కొందామన్నాడు. నేను కుదరదన్నాను. మా అన్నయ్య ఊళ్ళో సగం మంది వేళ్ళకి ఉంగరాలు చేశాడు, నాకు మాత్రం చేసే అవకాశం నేనే ఇవ్వలేదు, పెట్టుకుంటే అన్నయ్య చేసిందే పెట్టుకుంటాను, లేకపోతే బోసి చెయ్యే నయం అన్నాను. కాబట్టి చేసిపెట్టాలి.

ఒక చిక్కుంది. దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ల దగ్గర చేతికి ఉంగరం ఉండకూడదు. ఆ బోర్డు రాయించి పెట్టించింది నేనే, నేనే తప్పితే బాగోదు. పొద్దున లోపలికి వెళ్ళేటప్పుడు తీయాలి, సాయంత్రం బయటికి వచ్చాక పెట్టుకోవాలి. రోజూ సబ్బు రాసి లాగే పని ఉండకూడదు. అలాగని దుప్పటి దులిపితే ఎగిరి పడకూడదు. పెట్టుకున్నాక అది వేలికి ఉందన్న సంగతే మర్చిపోవాలి. మా వీధి చివర నగల కొట్టులో అమ్మాయి కొలిచి చూసింది. నా కొలత పదిహేను అని రాసుకో.

ఇంకోటి. సాక్షిగా నా వైపు నుంచి ఒకరు సంతకం పెట్టాలట. ఎవరో ఒకరు దొరుకుతారులే. వదిన మోకాలితో అంత దూరం రైలు ప్రయాణం పెట్టుకుని మీరు శ్రమపడకండి. ఉంగరం వస్తే మీరు వచ్చినట్టే. రిజిస్ట్రారు ఆఫీసు చూసొచ్చాను. సాక్షి కూర్చోడానికి చేతులున్న పాత కుర్చీ వేశారు. వీపు నొప్పి ఉన్నవాళ్ళకి బాగుంటుంది. ఊరికే చెప్తున్నాను.

వదినకి ముద్దులు, నీకు మామూలు పలకరింపు,
నీ పిచ్చుక


మార్చి 15

పిచ్చుకా,

ఉత్తరం అందింది. కూర్చునే చదివాను. చదివి లేచాను. మళ్ళీ కూర్చున్నాను. నా వాలకం చూసి మీ వదిన ఎవరికేమయిందో అని కంగారుపడి కాగితం లాక్కుంది. చదివాక మోకాలి సంగతి మరిచిపోయి లేచి గది చుట్టూ తిరిగింది. "బస్సు డ్రైవరా! మరి మన పిల్ల ఎక్కేవరకూ ఆపుతాడా?" అని అడుగుతోంది. ఆ ప్రశ్నకి జవాబు రాయి. తనకి కావాలట.

నేనేమంటానో అని రాశావు. నేనేమంటాను? నీ జీవితం. మంచిది.

ఉంగరం విషయానికొద్దాం. మన ఇంటి వేళ్ళు నీకు తెలుసు. మొదలు సన్నం, కణుపు లావు. అమ్మకి అంతే, నీకూ అదే వచ్చింది. కణుపు దాటేలా చేస్తే కిందికి దిగాక గిరగిరా తిరుగుతుంది. మొదలుకి సరిపడా చేస్తే కణుపు దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి వేలికి ఉంగరం చేయడమంటే ఇద్దరు మొండివాళ్ళ మధ్య రాజీ కుదర్చడమే. పట్టీ వెడల్పుగా వద్దు. వెడల్పయ్యే కొద్దీ పట్టు ఎక్కువ, లోపల చెమట. సన్నగా చేసి లోపలి అంచులు గుండ్రంగా తీస్తాను. వేలు మడిచినా ఒత్తుకోదు.

పదిహేను అన్నావు. అర్థమైంది. ఇక నాకు వదిలెయ్యి.

ఆఫీసు కుర్చీ సంగతి తెలిసింది. అలాంటి చోట్ల కుర్చీలు బాగుండటం అరుదే. మేము రావడం గురించి నువ్వేం మొహమాటపడకు. నాకూ జూన్‌లో పని ఎక్కువగానే ఉంటుంది. సాక్షిగా కాస్త సంతకం గుండ్రంగా పెట్టేవాళ్ళని చూసుకో.

కొట్టు ముందు డ్రైనేజీ తవ్వారు. వచ్చేవాళ్ళంతా చెక్క మీంచి నడిచి వస్తున్నారు. నిన్న ఒక పెద్దాయన ఉంగరం తీయించుకోడానికి వచ్చాడు. పాతికేళ్ళుగా తీయలేదట. నూనె రాసి, దారం చుట్టి, తల ప్రాణం తోకకొచ్చింది. తీశాక వేలికేసి చూసుకుంటూ కూర్చున్నాడు, ఎవరిదో వేలైనట్టు.

ఆరోగ్యం జాగ్రత్త.
అన్నయ్య


ఏప్రిల్ 6

అన్నయ్యా,

పార్సిలు వచ్చింది. దూది పొరలు తీస్తుంటే నాకే సిగ్గేసింది. ఎంత నాజూగ్గా చేశావు! అంచు మీద ఆ సన్న గీత ఎవరు వేయగలరు? ఇస్త్రీ సెక్షన్‌లో ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. వదిన ప్రశ్నకి జవాబు: ఆపుతాడు. వర్షం రోజైతే స్టాపు దాటి మా సందు మొదట్లో ఆపుతాడు. అది తప్పని నేనూ, కాదని ఆయనా రోజూ వాదించుకుంటాం.

ఉంగరం విషయంలో ఒక చిన్న మాట. చిన్నదే. కణుపు దగ్గర కొంచెం ఆగుతోంది. ఆయన చూసి, "తలుపు దగ్గరే నిలబడిపోయిన ప్యాసింజరులా ఉంది, లోపలికి జరగమను" అన్నాడు. నేను జరిపి చూశాను. జరగలేదు. సబ్బు రాశాను. అప్పుడూ జరగలేదు, పైగా వెనక్కి రావడానికి చాలాసేపు బతిమాలించుకుంది. నీ తప్పేం లేదు. నా కణుపే ఈమధ్య పెరిగి ఉంటుంది. మళ్ళీ ఆ కొట్టుకే వెళ్ళి కొలిపించాను. పదహారు అని రాసుకో. రిజిస్టర్ పోస్టులో వెనక్కి పంపుతున్నాను.

జూన్‌లో పని ఎక్కువని రాశావు. నాకు తెలుసు, నీ పని నీకుంటుంది. సాక్షి సంతకానికి ఇస్త్రీ సెక్షన్ ఆవిడని అడిగాను. సరేనంది. సంతకం కాగితం మీద పెట్టించి చూశాను. గుండ్రంగానే ఉంది.

మా లాండ్రీకి కొత్త ఆసుపత్రి దుప్పట్లు కూడా వస్తున్నాయి. గుట్టలు గుట్టలు. ఒక్కో దుప్పటి మడత పెడుతుంటే ఎవరు కప్పుకుని నయమై వెళ్ళారో అనిపిస్తుంది. నయమయ్యే వెళ్ళారనుకుంటాను. అలా అనుకుంటే పని త్వరగా తెములుతుంది.

మీ ఇద్దరి ఆరోగ్యం గురించి నువ్వు ఎప్పుడూ రాయవు. వదినని రాయమను.

పిచ్చుక


ఏప్రిల్ 16

పిచ్చుకా,

ఉంగరం చేరింది. కోసి, ముక్క కలిపి, టంకం వేసి పెద్దది చేశాను. అతుకు ఎక్కడుందో నువ్వు వెతికినా దొరకదు.

ముందే రాయాల్సింది, నీకు తెలుసుకదా అని రాయలేదు. వేలు రోజంతా ఒక్కలా ఉండదు. పొద్దున్నే, చలిలో సన్నగా ఉంటుంది. ఎండలో, పనిలో లావెక్కుతుంది. నువ్వు ఆవిరిలోంచి బయటికి రాగానే కొలిపించుకుని ఉంటావు. అప్పుడు వేళ్ళు ఉబ్బి ఉంటాయి. ఇంటికెళ్ళి, చేతులు కడుక్కుని, కాసేపు ఊరికే కూర్చున్నాక కొలవాలి. మర్నాడు పొద్దున మరోసారి. దారం చుట్టి కొలిస్తే అస్సలు నమ్మకు. దారం ఎటు లాగితే అటు వస్తుంది. వేలికి ఎక్కేటప్పుడు కాస్త ఆలోచించి ఎక్కాలి, దిగేటప్పుడు అంతకంటే కాస్త ఎక్కువ బెట్టు చేయాలి. అదీ సరైన కొలత.

ఇస్త్రీ ఆవిడ కుదిరినందుకు సంతోషం.

మీ వదిన నేను రెండ్రోజులుగా మాట్లాడటం లేదంటోంది. నేనెప్పుడు మాట్లాడాను గనక. తన ఆరోగ్యం బాగుంది. కొత్త డాక్టరు మోకాలికి పట్టీ ఇచ్చాడు. అది వేసుకుని సందు చివరిదాకా నడిచి, పక్కింటివాళ్ళందరికీ నీ పెళ్ళి కబురు చెప్పి వచ్చింది. "మరి మీరు ఎప్పుడు బయల్దేరుతున్నారు?" అని వాళ్ళడిగితే ఏం చెప్పాలో తెలియలేదట.

చెప్పడానికి ఏముంది.
అన్నయ్య


మే 9

అన్నయ్యా,

ముందు నవ్వొచ్చే సంగతి రాస్తాను, తర్వాత రెండోది.

ఉంగరం వచ్చింది. ఈసారి కణుపు దగ్గర ఆగడం అటుంచి, పలకరించకుండానే దాటేసింది. వేలికి వదులుగా తిరుగుతుంటే నువ్వు చెప్పినట్టు పొద్దునా సాయంత్రం చూశాను. సాయంత్రం వదులు. పొద్దున ఇంకా వదులు. అయినా పెట్టుకుని సెలవు రోజున ఆయన బస్సెక్కాను, చూపిద్దామని. కూర్చోడానికి చోటు లేక పైన పిడి పట్టుకుని నిలబడ్డాను. మలుపు దగ్గర చెయ్యి మార్చుకుంటుంటే జారి కిందపడి దొర్లుకుంటూ వెళ్ళిపోయింది.

నేను నోరు తెరిచేలోపు ఆయన అద్దంలో చూసి బస్సు పక్కకి తీసి ఆపేశాడు. "ఎవరూ కాలు కదపొద్దు! నా పెళ్ళి ఉంగరం మీ కాళ్ళ కింద ఉంది!" అని అరిచాడు. ఇక చూడు. బస్సంతా వంగి సీట్ల కిందే చూపు. ఒకాయన ఫోన్ లైటు వేశాడు. ఇద్దరు ఆడపిల్లలు మోకాళ్ళ మీద పాకారు. చివరికి ఒక ముసలావిడ మడిచి కాళ్ళ దగ్గర పెట్టుకున్న గొడుగులోంచి బయటికొచ్చింది. ఆవిడ ఇస్తూ, "ఇంత వదులుగా ఉంటే ఎలా తల్లీ, మనిషైనా ఉంగరమైనా?" అంది. బస్సు మొత్తం చప్పట్లు కొట్టింది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇప్పుడు ఆ రూటులో నన్ను ఎరగనివాళ్ళు లేరు.

ఇక రెండోది. నవ్వడం ఆపి చదువు.

నువ్వు ఇన్నేళ్ళలో ఎవరికీ కొలత తప్పి ఉంగరం చేయలేదు. కొట్టుకొచ్చి గొడవపడ్డ మనిషిని నేను చూడలేదు. నాకు మాత్రం మొదటిది ఎక్కలేదు, రెండోది నిలవలేదు. చేతికి రావడం లేదంటే మనసుకి రావడం లేదేమో అనిపిస్తోంది. నీ ఉత్తరాల్లో ఆయన గురించి ఒక్క మాట లేదు. ఏం చేస్తాడు, ఎలా ఉంటాడు, మంచివాడేనా అని అడగలేదు. పట్టీ వెడల్పు గురించి రాశావు, టంకం గురించి రాశావు. "మంచిది" అని రాశావు. అన్నయ్యా, నువ్వు "మంచిది" అనేది కొట్టులో బేరం కుదరక వెళ్ళిపోయేవాళ్ళతోనే.

నీకు ఈ పెళ్ళి ఇష్టం లేదా? లేకపోతే రాసెయ్యి. ఇష్టం లేకపోయినా నేను మానను, అది వేరే మాట. కానీ తెలియకుండా ఉండటం కష్టంగా ఉంది. సంతోషంగానే ఉన్నాను, ఎటొచ్చీ మధ్యలో ఇది గుచ్చుకుంటోంది.

ఉంగరం నా దగ్గరే ఉంచుకున్నాను. పంపనా?

పిచ్చుక


మే 18

ఒసేయ్ పిచ్చుకా,

నాకు ఇష్టం లేకపోవడమేమిటి! ఉత్తరం చదివి నాకు వచ్చిన కోపానికి, అంతకంటే ఎక్కువగా వచ్చిన దిగులుకి, పనిలో ఉన్న గొలుసు పక్కన పడేసి లోపలికి వెళ్ళాను. మీ వదిన బియ్యం ఏరుతోంది. నీ ఉత్తరం తనకి చదివి వినిపించాను. తను చేట దించకుండానే అడగడం మొదలుపెట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

"అది పదిహేను అని రాసినప్పుడు ఏ లెక్కలో రాసిందో అడిగావా?" అంది.

"అడగక్కర్లేదు. బయటి కొట్టులో కొలిపించానని రాసింది. బయటి లెక్కే."

"అదీ మన కొట్టులోనే పెరిగింది కదయ్యా. మన గుత్తి సంగతి దానికి తెలియదా?"

అప్పుడు పడింది నా గుండెల్లో రాయి.

మన గుత్తి సంగతి గుర్తుందా? నాన్న కొలత ఉంగరాల గుత్తిలో మొదటిది ఎప్పుడో పోయింది. నంబర్లు అరిగిపోయాయి. నాన్న కొత్తది కొనకుండా, మిగిలినవాటిలో మొదటిదాన్నే ఒకటి అని లెక్కపెట్టేవాడు. అందుకే లోకానికి పదహారు అయితే మనకి పదిహేను. ఇప్పటికీ అదే గుత్తి, అదే లెక్క. నిజం చెప్పు. ఆ కొట్టు అమ్మాయి పదహారు అంటే, మన లెక్కకి సరిపోతుందని నువ్వే ఒకటి తీసేసి నాకు పదిహేను అని రాశావా? రాసే ఉంటావు. ఎందుకంటే నేను నీ పదిహేనుని బయటి లెక్క అనుకుని, నేనూ ఒకటి తీసేసి పద్నాలుగు చేశాను. నువ్వొకటి తీశావు, నేనొకటి తీశాను. అందుకే ఎక్కలేదు.

రెండోసారి నువ్వు పదహారు అన్నావు. మొదటిది ఎక్కలేదు కదా, పిల్ల ఈసారి మన లెక్కలోకి మార్చి చెప్తోంది అనుకుని ఉన్నదున్నట్టు చేశాను. అందుకే ముసలావిడ గొడుగులో పడింది. ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. నువ్వు కష్టపడకూడదని నేనూ, నేను కష్టపడకూడదని నువ్వూ.

మీ వదిన అక్కడితో వదల్లేదు.

"సరే. పెళ్ళికి రావొద్దందా?" అంది.

"వద్దంది కదా. మీరు శ్రమపడకండి అని రాసింది."

"వద్దనడమూ శ్రమపడొద్దనడమూ ఒకటేనా? చేతులున్న కుర్చీ అని, వీపు నొప్పికి బాగుంటుందని ఎవరి కోసం రాసింది? నీ వీపు తప్ప ఈ భూమ్మీద దానికి ఇంకెవరి వీపు గురించి తెలుసు?"

నేను వీపు తడుముకున్నాను.

"నువ్వేమో జూన్‌లో పనుందని రాశావు. ఏం పని? డ్రైనేజీ చెక్క మీద నిలబడి గుంటలోకి చూడటమా?"

పిచ్చుకా, జూన్‌లో నాకు పనేమీ లేదు. నీ వాళ్ళ మధ్య చెవిటి అన్నయ్య, కుంటుకుంటూ నడిచే వదిన, నీకు ఇబ్బందేమో, అందుకే నెమ్మదిగా తప్పిస్తోందేమో అనుకున్నాను. నిన్ను ఇబ్బంది పెట్టకుండా నేనే ముందు పనుందని రాసేశాను. ఇస్త్రీ ఆవిడ కుదిరిందని నువ్వు రాసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇదిగో, రాసేశాను.

నాకు రావాలని ఉంది. ఆ సంతకం నేనే పెట్టాలని ఉంది. ఆయన గురించి అడగకపోవడం ఇష్టం లేక కాదు. అడిగితే నేను చూడకుండానే నువ్వు అన్నీ చెప్పేస్తావు, ఇక నేను రావాల్సిన పనేముంటుంది అని అడగలేదు. మా ఇంట్లో ఆవిడ ఇది చదివి, ఇంతకంటే వంకర బుర్ర ఎక్కడా చూడలేదంటోంది.

రమ్మంటావా? ఔననో కాదనో రాయి. నేను దానిలోంచి ఒకటి తీసేయను, ఒకటి కలపను.

అన్నయ్య


మే 25

అన్నయ్యా,

ఔను.

ఇంకా కావాలంటే: రా. వదినని తీసుకుని రా. ముందుగా రా, హడావిడి లేకుండా ఉండేలా రా.

నువ్వు రాసింది అక్షరాలా నిజం. ఆ అమ్మాయి పదహారు అంది, నేను బస్సులో కూర్చుని నీకోసం ఒకటి తీసేశాను. ఎంత తెలివిగా చేశానో అని మురిసిపోయాను కూడా. ఉంగరం బిగువుగా వస్తే, అన్నయ్య నాన్న గుత్తి తీసేసి కొత్తది కొన్నట్టున్నాడు అనుకున్నాను. ఆ మాట అడిగితే నీకు బాధేమోనని అడక్కుండా ఈసారి పదహారు అని రాశాను. ఇదంతా ఆయనకి చెప్తే స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు. "మీ ఇద్దరికీ మధ్యలో ఒక కండక్టర్ ఉండాలి" అన్నాడు. వదిన ఉందిగా అన్నాను.

నిన్ను తప్పించడమా! నా ఇంట్లో నీ ఫోటో తప్ప ఇంకో ఫోటో లేదు. ఇస్త్రీ సెక్షన్ ఆవిడతో విషయం చెప్పాను. ఆవిడ ఏమంటుందో అని భయపడ్డాను గానీ, "నాకు మొదటినుంచీ ఆ కుర్చీ నాది కాదనే అనిపించింది, నువ్వు దాని గురించి చెప్పే తీరు చూస్తే" అంది. నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది, మనిద్దరికే తెలియలేదు.

ఉంగరం పంపడం లేదు. వచ్చి చూసుకో.

పిచ్చుక


జూన్ 4

పిచ్చుకా,

టికెట్లు తీశాను. ఇరవయ్యో తారీఖు సాయంత్రం దిగుతాం. కింది బెర్తులు దొరికాయి, మీ వదిన మోకాలికి ఇబ్బంది లేదు. గుత్తి, ఆకురాయి, చిన్న దీపం, టంకం సర్దాను. తను బట్టల పెట్టెలో ఇనప సామాను పెడతావా అని కేకలేస్తోంది.

ఆయనకి ఏం తీసుకురావాలో తోచడం లేదు. నేరుగా అడుగుతున్నాను, రాయి.

స్టేషనుకి బస్సు తీసుకొస్తాడా?
అన్నయ్య


జూలై 12

అన్నయ్యా,

మీరు వెళ్ళాక ఇల్లు ఒక వారం వదులుగా అయిపోయింది. వదిన సర్దిన పప్పుల డబ్బాలు ఏది ఎక్కడుందో తెలియక, ప్రతి పూటా ఆవిడని తలుచుకుంటూనే వంట చేస్తున్నాను. ఆయన నువ్వు వదిలేసి వెళ్ళిన కళ్ళజోడు పెట్టె పట్టుకుని, "మీ అన్నయ్య మళ్ళీ రావడానికి కర్చీఫు వేసి వెళ్ళాడు" అంటున్నాడు. పంపమంటావా, ఉంచమంటావా?

రిజిస్ట్రారు ఆఫీసు సంగతి బస్సులో ఇంకా చెప్పుకుంటున్నారు. ఆయన చెప్తాడు మరి, ఊరుకుంటాడా. ఆ అధికారి పెళ్ళికొడుకుని "మీకు సమ్మతమేనా?" అని అడిగితే, నిన్నే అడిగాడనుకుని నువ్వు "సమ్మతమే, సమ్మతమే!" అని గది అదిరేలా రెండుసార్లు అన్నావు చూడు. అధికారి పెన్ను కింద పెట్టేసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నీ నోటి నుంచి ఆ మాట అంత గట్టిగా వినాలని నేను మార్చి నుంచీ ఎదురుచూశాను. నవ్వడానికి బదులు ఏడుపొచ్చింది, వదిన కొంగు అందించింది.

ఇప్పుడు ఉంగరం మాట. నువ్వు వంటింటి బల్ల మీద దీపం వెలిగించి, ముక్క కోసి, అతికి, లోపల రెండు చిన్న గింజలంత బంగారం వేస్తుంటే నాకు అది ఎందుకో అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. కణుపు దాటుతుంది, కిందికి దిగాక ఆ రెండూ వేలిని పట్టుకుని కూర్చుంటాయి. తిరగదు. దులిపి చూశాను, దుప్పటి ఎగిరింది గానీ ఉంగరం కదల్లేదు. కొలత మన లెక్కలో పదిహేనే. ఆ సంగతి ఎవరితోనూ అనకు, పరువు పోతుంది.

పెళ్ళి సెలవు అయ్యాక మళ్ళీ పనిలోకి వెళ్ళిన మొదటి రోజు ఒకటి జరిగింది. పొద్దున గేటు దగ్గర తేలిగ్గా తీసి డబ్బాలో పెట్టాను. సాయంత్రం బయటికొచ్చి పెట్టుకోబోతే ఎక్కలేదు. ఆవిరికి చెయ్యి ఉబ్బింది. బయట బస్సు వచ్చి ఆగింది. మామూలుగా అయితే ఉంగరం సంచిలో పడేసి, ఏమీ ఎరగనట్టు ఎక్కి కూర్చునేదాన్ని. ఆయన చెయ్యి చూసి ఏమనుకునేవాడో, అదేదో నేను ఊహించి, దానికి నేనే బాధపడేదాన్ని. ఆ రోజు మెట్టు దగ్గర నిలబడి చెప్పేశాను. "చెయ్యి ఉబ్బింది, ఉంగరం ఎక్కడం లేదు, చల్లబడాలి" అన్నాను. "సరే, ఎక్కి కూర్చో, చెయ్యి కిటికీలోంచి గాలికి పెట్టు" అన్నాడు. అంతే. ఇంటి స్టాపు వచ్చేలోపు దానంతటదే ఎక్కింది. ఇంత చిన్న మాట చెప్పకుండా తప్పించుకోడానికి నేను ఇన్నేళ్ళుగా ఎంత చాకిరీ చేశానో!

ఈ ఉత్తరం చివర మొదట వేరేలా రాశాను. "వచ్చే నెల మాకు సెలవులున్నాయి, మీకు ఇబ్బంది లేకపోతే, వీలుంటే చూద్దాం, మీరేం అనుకోకండి" అని. చదువుకుని చూస్తే నాకే ఒళ్ళు మండింది. ఆ కాగితం చింపేసి మళ్ళీ మొదటినుంచీ రాశాను.

వచ్చే నెల రెండో వారంలో వస్తున్నాం. పది రోజులు ఉంటాం. రావచ్చా అని అడగడం లేదు. నాకు నిన్ను చూడాలని ఉంది.

నీ చెల్లి